పన్నెండు నిమిషాల దూరం

"దిగవయ్యా! ఇది కిరాయి జీపు కాదు, దొరికినోళ్ళందర్నీ ఎక్కించుకోడానికి!" అని కసిరాడు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వెంకటప్పయ్య.

బొజ్జయ్య దిగలేదు. భద్రాచలంలో కాలేజీ మైదానం మీద ఆగివున్న హెలికాప్టర్‌లో, పులిహోర పొట్లాల బస్తాల మధ్య ముడుచుకుని కూర్చున్నాడు. గోదావరి అతని గుడిసెనూ ముంచేసింది. ఒంటిమీది గుడ్డతో ఈ మైదానానికి చేరాడు.

"నీళ్ళల్ల ఊర్లు మీకెట్ల గుర్తువడ్తయ్ సార్? అడవంత నాకెరికె. దారి నేన్ జూపిస్త."

పైలట్ వెనక్కి తిరిగి హిందీలో ఏదో అన్నాడు. దారి తెలిసినవాడు ఒకడుంటే మంచిదేనట.

"సరే, ముందెటు పోదాం?" అన్నాడు వెంకటప్పయ్య.

"తునికిగూడెం గుట్టకు సార్. దుమ్ముగూడెం అవతల."

"అదే ఎందుకు?"

బొజ్జయ్య తల వంచుకున్నాడు. "నా పెండ్లాం ఆడున్నది. నాగక్క. నాతోని కొట్లాడి పుట్టింటికి పోయింది. ఆ ఊరు మునిగిందంటున్నరు సార్. ఉన్నదో లేదో తెల్వదు."

వెంకటప్పయ్య గొంతు తగ్గింది. "ఎంత దూరం?"

"పొద్దుగాల నడవవడితే పొద్దుగూకేటాల్లకు పోతం."

పైలట్ మ్యాపు మీద వేలు జరిపి చూసి జవాబు చెప్పాడు.

"దీన్లో అయితే పన్నెండు నిమిషాలంట" అన్నాడు వెంకటప్పయ్య.

"అంటే ఎంత సార్?"

"నువ్వు ఒక చుట్ట కాల్చేంతసేపు."

బొజ్జయ్య "గంత దగ్గర్ల ఉన్నదా!" అని మెల్లగా తనలో తనే అనుకున్నాడు.

హెలికాప్టర్ లేచింది. కింద ఎర్రటి నీళ్ళు, అక్కడక్కడా తాటితలలు. తాను నడిచిన బాటల్లో ఒక్కటీ కనిపించలేదు. ఒకచోట తప్పు చూపించాడు. పైలట్ విసుక్కుని తిప్పాడు. బొజ్జయ్య కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఒంటెమూపులా వంగిన గుట్ట, దాని మీద చీరలు ఊపుతున్న మనుషులు.

"గదే సార్! గదే!"

చక్రాలు నేలకు ఆనీ ఆనకముందే దూకాడు. ఒక్కో ముఖమే చూసుకుంటూ పరుగెత్తాడు. చివరన తడిసిన దుప్పటి కప్పుకుని అత్త ముత్తక్క కనిపించింది.

"అత్తా, నాగక్క ఏదీ?"

ముత్తక్క అతని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని భోరుమంది.

బొజ్జయ్య బురదలో కూలబడ్డాడు. "నేనే సంపుకున్న అత్తా. ఒక్కపాలి వచ్చి పిలిస్తే అయిపోతుండె. పిలవకపోతి."

"ఊకో అల్లుడా! నువ్వు బతికున్నవని ఏడుస్తున్న నేను." ముత్తక్క కొంగుతో అతని ముఖం మీది బురద తుడిచింది. "ఇందాకనే ఇంకో హెలికాప్టరొచ్చింది. పానం బాగలేనోళ్ళనే దవాఖానాకు తీస్కపోతమన్నరు. అది కడుపు పట్టుకొని ఒకటే దొర్లింది. ఎక్కించుకొని పోయిన్రు."

బొజ్జయ్య దిగ్గున లేచాడు. "ఏమైంది దానికి? ఏం రోగం?"

"ఏ రోగం లేదు బిడ్డా. నీకు ఈత రాదు, ఎట్లున్నవో ఏమోనని భద్రాచలం పోయింది."