కొత్తవాడి సన్నాయి

"నేర్చుకునేటోనికి సేటూ. జర అల్కగ ఊదొచ్చేది చూపియ్యి," అన్నాడు లింగస్వామి తల ఎత్తకుండా.

నల్గొండలో వాయిద్యాల దుకాణం నడిపే విజేందర్ ఆ ముఖాన్ని పరీక్షగా చూశాడు. గబగబా కుర్చీ తుడిచి వేశాడు.

"కేతేపల్లి లింగస్వామన్నవు గదా! నా పెండ్లికి మీ అన్నదమ్ములే గదనే సన్నాయి ఊదింది. గాలయ్యన్న మంచిగున్నడా?"

"మొన్న వానకాలంల పోయిండు."

విజేందర్ నొచ్చుకున్నాడు. పాతికేళ్లు ఆ ఇద్దరూ పందిట్లో పక్కపక్కన కూర్చుని బుగ్గలుబ్బించి ఊదనిదే ఆ చుట్టుపక్కల పెళ్లి జరిగినట్టే ఉండేది కాదు. మాఘమాసం ముహూర్తాలలోపు కొత్తవాడు తయారు కాకపోతే ఇంక ఆ ఇంటి మేళం గాలయ్యతోనే ఆఖరు. అందుకే లింగస్వామి ఇంత దూరం వచ్చాడు. వచ్చాక మాత్రం పారిపోదామా అనిపిస్తోంది.

"అప్పగింతలప్పుడు మీరు ఊదిన పాటకు మా అమ్మ ఒకటే ఏడుసుడు," అన్నాడు విజేందర్.

"అది అన్న ఊదిండు."

"నువ్వు గట్లనే అంటవు. గింత పేరున్నోనివి, గింత సిగ్గేందే?"

లింగస్వామికి తల కొట్టేసినట్టయింది.

విజేందర్ నాలుగు సన్నాయిలు బల్లమీద పరిచాడు. "మీ ఇంట్ల పిల్లగాడు మొదలువెడ్తుండా?"

లింగస్వామి ఒక్కో సన్నాయి మీద వేళ్లు ఆనించి చూశాడు. "బొక్కలు ఎడంగ ఉండాలె సేటూ. వాని వేళ్లు మొద్దు."

"పిల్లగాని వేళ్లు మొద్దేందన్నా?"

"పొలం పని జేసిన చేతులు."

ఎంగిలవుతుందని విజేందర్ తన దుకాణంలో ఎవరినీ సన్నాయి నోట్లో పెట్టుకోనివ్వడు. ఈ మనిషికి మాత్రం తనే అందించాడు.

లింగస్వామి నాలుగూ ఊదాడు. నాలుగింటిలోనూ ఒకే ఒక్క స్వరం. ఊపిరి తెగలేదు, వణుకు లేదు. గిటార్ బేరమాడుతున్న అమ్మాయి మాట ఆపేసి వింటూ నిలబడింది.

"పాట గూడ అక్కర్లే! ఒక్క స్వరంతోనే మంచిదేదో చూసుకుంటుండు. విద్వాంసుడంటె గిట్లుండాలె," అని ఆమెకు చెప్పి, విజేందర్ ఇటు తిరిగాడు. "అన్నా, మాఘంల మా బిడ్డ వర్షిత పెండ్లి. నువ్వే ఊదాలె."

కాదనడానికి లింగస్వామి నోరు తెరిచాడు. చివరికి తలూపి, మూడో సన్నాయి తీసుకుని బయటపడ్డాడు.

కేతేపల్లిలో బస్సు దిగి ఇంటికి పోలేదు. ఎవరికీ వినబడకూడదని పత్తిచేలు దాటి చాలా దూరం నడిచాడు. చుట్టూ చూసి సన్నాయి నోట్లో పెట్టుకున్నాడు.

పాతికేళ్లూ అన్న పాటలు ఊదుతుంటే పక్కన శ్రుతి మాత్రమే పట్టిన లింగస్వామి, తనకొచ్చిన ఆ ఒక్క స్వరం తర్వాతిది ఎక్కడుందోనని మొదటిసారి వేలు కదిపాడు.