నోటితో చెప్పని పేరు

"మీ ఆయన పేరు చెప్పమ్మా." పోలీసమ్మాయి అలా అడగడం మూడోసారి.

ఆ అమ్మాయి హిందీలో అడిగితే గాజుల మైలీ తెలుగులో చెప్పింది. ఖాట్మండులో పశుపతినాథుడి గుడి ముందు మైలీ పదిహేనేళ్ళుగా గాజులమ్ముతోంది. తెలుగు యాత్రికుల బేరాలు వినీ వినీ భాష పట్టుబడిపోయింది.

అప్పలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం పక్కకి తిప్పేసుకుంది.

"సెప్పకూడదమ్మా. మా ఇంటా వంటా లేదు."

"ఎందుకు?"

"ఆయుష్షు తగ్గిపోద్ది."

మైలీ నవ్వింది. "మా అమ్మ కూడా అంతే. చచ్చినా చెప్పదు."

పోలీసమ్మాయి నవ్వలేదు. చిన్న పుస్తకం, పెన్ను పట్టుకుని అలాగే నిలబడింది.

అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి యాత్ర బస్సులో నలభై మంది వచ్చారు. బస్సు తెచ్చిన నానాజీ అందరి గుర్తింపు కార్డులూ తన సంచిలోనే దాచాడు. గుళ్ళోకి ఫోన్లు వద్దని బస్సులో వదిలేయించాడు. దర్శనం అయ్యాక ఒంటి గంటకి గాజుల బళ్ళ దగ్గర కలవమన్నాడు. అప్పలకొండమ్మ మాత్రం పదకొండు కాకుండానే ఒక్కతీ వచ్చి మైలీ బండి పక్కన కూర్చుంది. మీ ఆయనేడని మైలీ అడిగితే, "ఎనకాల ఉండిపోయేడు" అంది. ఎక్కడ తప్పిపోయాడోనని మైలీయే కంగారుపడి, అటుగా వెళుతున్న పోలీసమ్మాయిని పిలిచింది.

"పేరు లేకపోతే మైకులో ఎలా పిలుస్తారమ్మా? పోనీ పేరుకి గుర్తు చెప్పు, నేను పట్టుకుంటా," అంది మైలీ.

అప్పలకొండమ్మ కొంగు కాస్త దించింది. "కోడి కూసేక వత్తాడు. లోకమంతా దణ్ణవెడతాది."

"పాలవాడా?"

"పాలోడికి దణ్ణం ఎవులెడతారే, ఎర్రిదానా!"

ఈసారి పక్క బళ్ళవాళ్ళు కూడా నవ్వారు, మాట అర్థం కాకపోయినా.

పోలీసమ్మాయి పేరు సంగతి వదిలేసి ఆనవాళ్ళు అడిగింది. పంచె ఏ రంగు?

"తెల్లదే. ఎర్రంచు. బుజమ్మీద గళ్ళ తువ్వాలు."

ఇంకేమైనా గుర్తు?

"ఎడం సేతికి సిటికినేలు లేదు. బెల్లం వండే రోజుల్లో సెరుకు గానుగలో పడి నలిగిపోయింది. ఆ సేత్తోనే మర్నాడు మళ్ళీ సెరుకు నరికేడు, సెప్పినా ఇన్లేదు."

పోలీసమ్మాయి పెన్ను ఆగిపోయింది. మైలీని నాలుగడుగులు పక్కకి తీసుకెళ్ళి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. తిరిగి వచ్చి కూర్చునేసరికి మైలీ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఏటైందే?"

"ఏం లేదమ్మా. అగరొత్తుల పొగ."

అప్పలకొండమ్మ రెండు చేతులూ చాపింది. "గాజులెయ్యి. పచ్చవి. మోచేతి దాకా."

మైలీ పోలీసమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయి టోపీ తీసి చంకలో పెట్టుకుని, వెయ్యమన్నట్టు మెల్లిగా తలూపింది.

"బేరమాడవా అమ్మా? మీ తెలుగువాళ్ళు బేరమాడకుండా కొనరు కదా." ఏదో ఒకటి అనాలని అంది మైలీ.

"ఇయ్యేళ బేరం లేదే."

గాజు తర్వాత గాజు ఎక్కుతోంది. లోపల గుళ్ళో ఎవరో శివుడి నామాలు చదువుతున్నారు. ఆయనకి వెయ్యి పేర్లు. ఎవరు ఏ పేరుతో పిలిచినా ఆయనకి ఏమీ కాదు. కట్టుకున్నవాడి ఒక్క పేరు పెళ్ళాం నోట వస్తే మాత్రం ఆయుష్షు తరిగిపోతుందట. నలభై రెండేళ్ళ కాపురంలో అప్పలకొండమ్మ ఒక్కసారీ పలకలేదు. చెరుకు తోటలో ఆయన కాలి దగ్గర పాము కనబడినప్పుడు కూడా "ఇదిగో, నిన్నే!" అనే కేక పెట్టింది. అంత జాగ్రత్తకీ దేవుడి దగ్గర విలువేమైనా ఉంటుందా? ఉండే ఉంటుంది. ఉండకుండా ఎలా ఉంటుంది?

"ఆయనకి పచ్చగాజులు ఇష్టమా అమ్మా?"

"ఇష్టమో కాదో ఏనాడు సెప్పేడు గనక! గాజుల సప్పుడైతే నానింట్లో ఉన్నాననుకుని ఊరుకునీవోడు. అవ్వకపోతే పెరట్లోకొచ్చి ఎతుక్కునీవోడు."

మైలీ తల వంచుకుని ఇంకో గాజు తీసింది.

ఒంటి గంటకి నానాజీ వచ్చాడు. యాత్ర బస్సు మనిషని తెలిసి, పోలీసులు అతన్ని దారిలోనే ఆపి తీసుకెళ్ళి చూపించారు. వచ్చి అప్పలకొండమ్మ ముందు నేలమీద చతికిలబడ్డాడు.

"అత్తా... మామ మరి లేడత్తా. క్యూ పక్కన గోడకి జేరబడి పోయేడు. నిద్దరోతన్నాడనుకుని అందరూ దాటుకుని ఎల్లిపోయేరంట."

మైలీ భోరుమంది. "నాకు ఇందాకే తెలుసమ్మా. నీకు చెప్పడానికి నోరు రాలేదు. నీ ముచ్చట ఈ కాసేపైనా ఉండనీ అనుకున్నాం."

అప్పలకొండమ్మ ఏడవలేదు. గాజుల చేత్తో మైలీ తల నిమిరింది. కొంగు సర్దుకుని పోలీసమ్మాయి వైపు తిరిగింది.

"రాసుకో తల్లీ. సూర్యనారాయణ."

పెళ్ళయ్యాక ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు.

"ఆఖరికి పక్కన మన మనిషన్నోడు ఒక్కడూ లేకుండా పోయేడత్తా," అని నానాజీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ గోడ దగ్గర ఆయన కళ్ళు తన చేత్తో మూసి, గాజుల బండి దగ్గరికి వచ్చింది ఆమే.