ఏడో స్తంభం ఫైలు

ముప్పై ఒక్క స్తంభాల ఫైళ్ళు వచ్చాయి. ఏడోది మాత్రం రాలేదు.

"మాస్టారూ, ఏడో స్తంభం ఏదీ?" అడిగింది చీఫ్ ఇంజినీరు.

"అది తెరుచుకోవట్లేదమ్మా. పాత సాఫ్ట్‌వేర్ కదా..." నీళ్ళు నమిలాడాయన.

ఆఫీసులో అందరికంటే పాత డ్రాఫ్ట్స్‌మన్ ఆయన. వచ్చిన ప్రతివాళ్ళకీ గీతలు గీయడం నేర్పాడు గనక అందరికీ మాస్టారే. రిటైర్మెంటుకి ఇంకో నాలుగు నెలలుంది. చదువవగానే ఆమె కూడా మూణ్ణెల్లు ఆయన పక్క కుర్చీలోనే ట్రైనీగా కూర్చుంది. పద్దెనిమిదేళ్ళ తర్వాత చీఫ్‌గా తిరిగొచ్చింది. పాత అభిమానాలు పాతవే, పని పనే అనుకునే మనిషి.

ఎప్పుడో ఈ ఆఫీసే గీసిచ్చిన పాత ఫ్లైఓవర్ ఒకదాన్ని ఇప్పుడు వెడల్పు చేయాలి. ముందు స్తంభాల కంప్యూటర్ నమూనాలన్నీ ఓపెన్ ఫార్మాట్‌లోకి మారాలి. ఎవరి దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా అవి తెరుచుకోవాలి. ఏ ముక్క ఎవరు గీశారో, ఎవరు మార్చారో అందరికీ కనబడాలి. పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది ఆమే.

మర్నాడు డిస్కు పాడైందన్నాడు మాస్టారు. ఆ మర్నాడు ఒంట్లో బాగాలేదన్నాడు. చివరికి ఏడో స్తంభాన్ని తనే కొలిచి, కొత్తగా గీసిస్తానన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. ఉన్నది ఇవ్వక కొత్తది గీయడమేమిటి? పాతదాంట్లో ఏం దాచాడు? ఆ ఫ్లైఓవర్ మీద రోజూ వందల బస్సులు తిరుగుతాయి. వాటిలో తన కూతురి స్కూలు బస్సొకటి.

స్తంభాన్ని స్కాన్ చేయించింది. సంతకాలైన కాగితం డ్రాయింగ్‌లో ఇరవై ఇనుప కడ్డీలు. స్తంభం లోపల ఇరవై నాలుగు.

"ఎక్కువే ఉన్నాయి కదా మేడం, మంచిదేగా?" అన్నాడు స్కానింగ్ చేసినాయన.

"కాగితంలో ఒకటి, కాంక్రీటులో ఒకటి! ఇక్కడే ఇలా ఉంటే ఇంకెక్కడెక్కడ ఏం వెలగబెట్టాడో!"

అనుమానం కాస్తా ఖాయమైంది. ఆ ఉదయమే మాస్టారి సస్పెన్షన్ కాగితం మీద సంతకం చేసి, ఆయన కంప్యూటర్ మీటింగ్ హాల్లోకి తెప్పించింది. మూడు శాఖల అధికారులు ఎదురుగా కూర్చున్నారు.

మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడి చేతులు జోడించాడు. "ఆ ఒక్క ఫైలూ వదిలెయ్ అమ్మాయ్. నా మీద ఏం రాసుకున్నా సరే."

"అమ్మాయ్ కాదు, మేడం," అంది ఆమె.

ఫైలు తెరుచుకోకపోవడమేమీ లేదు. ఒక్క నొక్కుకి తెరుచుకుంది. ఇంకో నొక్కుకి ఓపెన్ ఫార్మాట్‌లోకి మారింది. గోడంత తెర మీద ఏడో స్తంభం నిలబడింది.

"ఇప్పుడు చూడండి, దొంగెవరో," అంటూ ఆమె స్తంభం మీద నొక్కింది.

గీసినవారు అన్నచోట, ఇరవై కడ్డీల పక్కన, పద్దెనిమిదేళ్ళ క్రితం తేదీతో ఆమె పేరే ఉంది, దాని కిందే, వారం తర్వాతి తేదీతో మాస్టారి పేరూ, ఒక చిన్న మాటా ఉన్నాయి: "కాగితం మీద సంతకాలైపోయాయి, లెక్కలో నాలుగు కడ్డీలు తగ్గాయి, దగ్గరుండి వేయిస్తాను, పిల్ల కొత్తది, పైవాళ్ళకి తెలియనివ్వొద్దు."