నలభై రెండో పేజీ

"హంతకుడు కవల తమ్ముడట, బాబాయిగారూ!" అంటూ ఫిజియోథెరపీ అమ్మాయి అతని మెడ మీద బొటనవేలితో బలంగా నొక్కింది.

"అబ్బా!" అన్నాడతను. అది తమ్ముడి గురించి కాదు, మెడ గురించి.

"అలాంటి తమ్ముడొకడున్నాడని చివరి పేజీ దాకా ఒక్కరూ నోరు విప్పరు! ఇరుగుపొరుగు వాళ్ళకి కళ్ళు లేవా? ఒకటిన్నర రోజులో చదివేసి అవతల పారేశాను."

అతను బల్ల మీద బోర్లా పడుకుని, ముఖం ఆనించే కంతలోంచి నేలకేసి చూస్తున్నాడు. అక్కడ కనిపించేవల్లా ఆ అమ్మాయి చెప్పులే. ఇరవై ఆరేళ్ళుగా అచ్చాఫీసులో తల వంచుకుని, ఊళ్ళోవాళ్ళ పుస్తకాలకి ప్రూఫులు దిద్దీ దిద్దీ అతని మెడ కొయ్యబారిపోయింది. శనివారం శనివారం ఇక్కడికొస్తే, ఈ అమ్మాయి ఆ మెడని దారిలో పెడుతూ, వారంలో చదివిన పుస్తకాలన్నిటినీ ఉతికి ఆరేస్తుంది. పెద్ద పండితురాలేం కాదు. బస్సులో, పేషెంటుకీ పేషెంటుకీ మధ్య, చేతికి ఏది దొరికితే అది చదువుతుంది. కాకపోతే మొహమాటమనేది లేదు. అది చూసే అతను తన జాతకం ఆమె చేతిలో పెట్టాడు. పాపం, ఆ సంగతి ఆమెకి తెలీదు.

అతను కూడా ఒక నవల రాశాడు. సొంత పేరుతో వేసుకునే ధైర్యం చాలక మారుపేరుతో వేయించాడు. అమ్ముడుపోని కాపీలన్నీ మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. చీపురు దూరడం లేదని భార్య రోజూ సణుగుతుంది. బాగుందన్నవాడు లేడు సరే, కనీసం బాగాలేదన్నవాడైనా లేడు. అదే అతన్ని ఎక్కువ అలసగొట్టింది. అయినా బుద్ధి రాక రెండోది కూడా రాశాడు. అచ్చాఫీసు యజమానికి జాలేసిందో ఏమో, తనే వేస్తానన్నాడు. వెయ్యమనాలో వద్దనాలో తేల్చుకుని ఈ సాయంత్రంలోగా ఆయనకి చెప్పాలి.

మొదటిసారి ఇక్కడికొచ్చిన రోజునే ఆమె ధోరణి విని, వెళ్తూ వెళ్తూ అతను ఆకుపచ్చ అట్ట వేసిన తన నవల కాపీ ఒకటి బయట గదిలోని పత్రికల మధ్య వదిలాడు. ఆమె దాన్ని ఇంటికి పట్టుకెళ్ళింది. ఈ అమ్మాయికి నచ్చితే రెండోది వేయించాలి, నచ్చకపోతే ఇక కలం ముట్టకూడదు అని అప్పుడే తీర్మానించుకున్నాడు.

మరుసటి వారం ఏమీ ఎరగనట్టు అడిగాడు. "ఏడో పేజీలో ఉన్నా" అంది. ఆ పై వారం పద్నాలుగు. ఆ తర్వాత ఇరవై ఒకటి.

"ఎలా ఉంది?" అంటే, "సగంలో చెప్పే అలవాటు లేదండీ. పూర్తి కానివ్వండి" అని నోరు మూయించింది.

అతనిది పేజీలు లెక్కపెట్టి బతికే ఉద్యోగం. అక్షరం అక్షరం తడుముకుంటూ వెళ్ళినా గంటకి పది పేజీలు దిద్దుతాడు. వారానికి ఏడు పేజీలంటే అది చదవడం కాదు, చేదు మందు మింగడం.

"ఇంకేం చదివావమ్మా?" అన్నాడు నీరసంగా.

"గొప్పవాళ్ళవడం ఎలా అని ఒకటి. పొద్దున్నే నాలుగింటికి లేస్తే చాలట. నేను పదేళ్ళుగా నాలుగింటికే లేస్తున్నా, నీళ్ళు పట్టడానికి. ఎక్కడయ్యాను గొప్పదాన్ని? ఒక్క పూటలో అయిపోయింది." మెడకి ఎడమవైపు ఒక నొక్కు పడింది. "ఇంకోటి ప్రేమకథ. మూడొందల పేజీలు ఆ పిల్ల ఏడుస్తూనే ఉంటుంది. మొదట్లోనే వాణ్ణి ఒక్క మాట అడిగుంటే ముప్పై పేజీల్లో తేలిపోయేది. రెండు రోజులు దండగ!" మెడకి కుడివైపు ఇంకో నొక్కు పడింది.

ఇవన్నీ వేలకి వేలు అమ్ముడవుతున్న పుస్తకాలు. వాటిలో రెండు తను ప్రూఫులు దిద్దినవే.

"మరి... ఆ ఆకుపచ్చ అట్ట పుస్తకం?"

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"అదా? నలభై రెండో పేజీలో ఉన్నానండీ."

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ముఖం కంతలో ఉండబట్టి సరిపోయింది.

"బాగోలేకపోతే బలవంతంగా ఎందుకమ్మా? వదిలెయ్యరాదూ."

"ఇవాళ్టికి చాలు, లేవండి" అందామె, ఆ మాట వినిపించుకోనట్టు.

అతను లేచి కూర్చుని చొక్కా తొడుక్కున్నాడు. ఫోన్ తీసి, 'రెండోది వద్దండీ. ఇక రాయను' అని యజమానికి టైపు చేశాడు. రాసిన వాక్యాల్లో తప్పులు వెతకడం అలవాటు కాబట్టి మరోసారి చదువుకున్నాడు. తప్పులేం లేవు. పంపడమే మిగిలింది. ఇన్నాళ్ళ బరువు దిగుతుందనుకుంటే, ఒళ్ళంతా ఇంకా బరువెక్కింది.

"ఆ పుస్తకం వచ్చే వారం నాకు తెచ్చిచ్చెయ్యమ్మా" అన్నాడు తల ఎత్తకుండా.

"మీకెందుకు?"

"పాత కాగితాలవాడికి వేసేస్తాను."

"అయ్యో, నేనివ్వను!"

ఆ గొంతుకి అతను ఉలిక్కిపడి చూశాడు. ఆమె చేతిలో తువ్వాలు నలిపేస్తోంది.

"ఆరు వారాల్లో నలభై రెండు పేజీలు దాటని పుస్తకం నీకు మాత్రం ఎందుకమ్మా?" అన్నాడు, వేలు ఫోన్ మీదే ఉంచి.

ఆమె బయట కూర్చున్నవాళ్ళు వింటారేమోనని తలుపు వైపు చూసి, సిగ్గుపడుతూ గొంతు తగ్గించింది.

"అయిపోతుందేమోనని రోజుకో పేజీయే చదువుకుంటున్నానండీ."