గుడ్డ కట్టిన పొదలు

“మల్లా గుడ్డ కట్టీసినారు సార్!” అని కేకేశాడు పోలిరాజు.

దువ్వాడ స్టేషనుకి రెండు మైళ్లలో, ఉక్కు ఫ్యాక్టరీ కోసం తీసుకుంటున్న జీడిమామిడి తోట అది. 1979 మార్చి నెల. సర్వే గొలుసు లాగే పోలిరాజు చూపించిన వైపు చూశాడు కుర్ర సర్వేయరు సుందర్ రాజ్.

నిన్న గుడ్డ పీకించిన పొదకే మళ్లీ ఎర్రటి పేలిక వేలాడుతోంది.

సర్వే జెండాలూ ఎరుపే. దూరం నుంచి చూస్తే ఏది జెండానో, ఏది పేలికో తెలియక కొలత తప్పుతోంది.

“ఇది ఆ సూరన్న పనే!” పళ్లు నూరాడు సుందర్ రాజ్.

సూరన్న ఆ తోట సొంతదారు. మనిషెలా ఉంటాడో సుందర్ రాజ్ గానీ పోలిరాజు గానీ ఎరగరు. నోటీసు మీద అతని వేలిముద్ర పడితే తప్ప చెట్టు కొట్టడానికి లేదు. నెల్లాళ్లుగా ఊళ్లో ఎవర్నడిగినా “నిన్ననే ఎటో ఎల్లాడు బాబూ” అనే అంటున్నారు.

శనివారం లోపు ఆ ముద్ర పడకపోతే ఇంటికి వెళ్లిపోవచ్చని ఆఫీసరు మొహమ్మీదే చెప్పేశాడు. అసలే టెంపరరీ ఉద్యోగం. అది పర్మనెంటు కావాలని వన్ టౌన్‌లో తల్లి విమలమ్మ మోకాళ్లు అరిగేలా ప్రార్థిస్తోంది.

“పీకెయ్ దాన్ని!”

పోలిరాజు పేలిక పీకి, అడ్డంగా ఉన్న పొద కొమ్మ మీద కత్తి వేశాడు.

రయ్యిమని కందిరీగలు లేచాయి.

పోలిరాజు తెలివైనవాడు, గొలుసు పారేసి లగెత్తాడు. సుందర్ రాజ్ పట్నం పిల్లాడు. చేతులు ఆడిస్తూ అక్కడే గెంతాడు. కందిరీగలకి కావలసిందీ అదే.

“సేతులాడించకు బాబూ! పడుకో, పడుకో!”

ఎక్కడి నుంచి వచ్చాడో ఒక ముసలాయన. తన దుప్పటి తీసి సుందర్ రాజ్‌కి కప్పి, పైన తాను బోర్లా పడ్డాడు. మోత సద్దుమణిగేదాకా లేవలేదు.

లేచేసరికి ఆయన వీపంతా దద్దుర్లు. ఎడమ బొటనవేలు వంకాయలా వాచిపోయింది. రొంటినున్న సున్నపుకాయ తీసి, ఆ వేలితోనే సుందర్ రాజ్ మొహానికి సున్నం పూస్తున్నాడు.

“గూడు కనబడితే గుడ్డ కడతాం బాబూ, జీడిపిక్కలేరే ఆడోళ్లు అటేపు పోకండా. తెలీనోళ్లు మీరొత్తన్నారని పొద్దున్నే కట్టినాను. ఎందుకు పీకించీసినావు?”

సుందర్ రాజ్‌కి తల కొట్టేసినట్టయింది.

“నువ్వెవరు తాతా?”

“నానా? కాపలావోణ్ణి.”

ఈలోగా పోలిరాజు ఆయాసపడుతూ వచ్చాడు. “మీ సూరన్న ఏ కన్నంలో దూరాడు తాతా? ఆడి ఏలిముద్ర పడకపోతే శనివారంతో మా సారు ఉజ్జోగం పోద్ది. కసాయోడు!”

ముసలాయన పిందె మీదున్న చెట్లకేసి చూశాడు.

“ముప్పయ్యేళ్లు పెంచినాడు కదా బాబూ. ఈ ఒక్క కాపూ కళ్లారా సూసుకుందారని ఆగుంటాడు.”

సుందర్ రాజ్ వైపు తిరిగి అడిగాడు. “అమ్మున్నాదా నీకు?”

“ఉంది. ఆవిడకి నేనొక్కణ్ణే.”

ముసలాయన మరోసారి చెట్లకేసి చూసి, సున్నపుకాయ రొంటిన దోపుకున్నాడు.

అంతలో సుందర్ రాజ్‌కి పెదవులు దిమ్మెక్కాయి, కళ్లు మూసుకుపోయాయి. దువ్వాడ స్టేషను దాకా ఎవరి వీపు మీదో ఊగుతూ వెళ్లడం మాత్రం లీలగా తెలిసింది.

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆదివారం పోలిరాజు నవ్వుకుంటూ వచ్చాడు.

“గండం గట్టెక్కింది సార్! మొన్న శుక్రవారం సూరన్న తనంతట తనే ఆపీసుకొచ్చి ఏలిముద్రేసీసాడంట. నాను సూళ్లేదు, గుమస్తా సెప్పాడు.”

“అంతా ప్రభువు దయ,” అంది విమలమ్మ. “ఆ కాపలా తాతని ఓ పూట భోజనానికి తీసుకురా నాయనా. ఆయన దుప్పటి కూడా ఉతికి ఉంచాను.”

సుందర్ రాజ్ వెళ్లేసరికి చెట్లన్నీ నేల మీద ఉన్నాయి. ఊరు లారీలెక్కి తలో దిక్కూ వెళ్లిపోయింది. కాపలా తాత ఏడని అడగడానికి మనిషి లేడు.

ఉద్యోగం పర్మనెంటయింది. తోట ఉన్నచోట క్వార్టర్లు లేచాయి.

దువ్వాడ ప్లాట్‌ఫారం మీద ఏ ముసలాయన సున్నపుకాయ తీసినా సుందర్ రాజ్ ఆగేవాడు. దగ్గరికెళ్లి మొహం చూసేవాడు. కాదు. ఇంకొకరు. కాదు. ఒక్కసారి కనిపిస్తే చాలు, కాళ్లు పట్టుకుని ‘పీకించడం తప్పయింది తాతా’ అనాలి. ఆ ఒక్క మాట ఏడేళ్లుగా గొంతులోనే ఉండిపోయింది.

ఈలోగా విమలమ్మ పోయింది. పెట్టెలో దుప్పటి మాత్రం ఉంది.

1986లో ఏదో హద్దుల తగాదా వచ్చి, ఆ తోట పాత ఫైలు తీయాల్సొచ్చింది. రికార్డు రూములో దుమ్ము దులిపి, సూరన్న నోటీసు పైకి తీశాడు సుందర్ రాజ్.

‘తోట సొంతదారు’ అన్న మాట కింద ఎడమ బొటనవేలి ముద్ర ఉంది, మామూలు వేలికి రెండింతల వెడల్పున, గీతలన్నీ అలుక్కుపోయి, అంచున ఎండిన సున్నపు మరకతో.