అధికారాలు ఇప్పించండి

“మళ్లీ మొదట్నించి చదువు వీరయ్యా,” అన్నాడు చెన్నకేశవులు, గంజిపెట్టిన చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ.

పంచాయతీ గుమాస్తా వీరయ్య గొంతు సవరించుకున్నాడు. “ప్రజలు ఓట్లేసి గెలిపించినా నేను పేరుకే సర్పంచ్‌ని. ఊళ్లో ఒక్క బోరు బాగుచేయించే అధికారం నాకు లేదు. ప్రతి చిన్న పనికీ ఒకరి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తోంది. రాజ్యాంగంలో పంచాయతీలకు రాసిన ఇరవై తొమ్మిది అంశాలూ మాకు అప్పగించండి...”

“అదిరింది! నరసరావుపేట మీటింగులో ఈ ముక్కకి చప్పట్లే చప్పట్లు.”

గుమ్మం ముందు తిరుపతమ్మ ఏడింటి నుంచీ నిలబడే ఉంది. ఊళ్లో అందరిలాగే ఆమె కూడా ఆయన్ని ప్రెసిడెంటుగారనే పిలుస్తుంది.

“ప్రెసిడెంటుగారూ...”

“ఏందే, సరిగ్గా బయల్దేరేటప్పుడు!”

“మా కాలనీ బోరు మోటారు కాలిపోయి పదకొండు రోజులయిందయ్యా. కాలవ నీళ్లే తాగుతన్నాం. మొన్న ఆరోగ్యమ్మత్త వాంతులూ విరేచనాలతో పోయింది. నిన్నట్నించి మా మనవరాలు జెస్సీకీ అవే. గురజాల ఆస్పత్రిలో ఉంది. పిల్ల కళ్లు తెరవట్లేదయ్యా.”

“నన్నేం చెయ్యమంటావ్? అధికారాలన్నీ పైనోళ్లు గుప్పెట్లో పెట్టుకుంటిరి. దానికేగా నేను ఇట్టా తిరగతంది.”

“ఆఫీసు గదిలో కొత్త మోటారు ఉందంటగా. ఆర్నెల్లుగా మూలన పడుందంట.”

వీరయ్య తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు.

“అది మా వీధి బోరుకి. ఇప్పుడున్నది రేపు కాలిందనుకో, నువ్వు తెస్తావా?”

ఇంకా కాలని మోటారు మీద ఉన్న దయ ఆ పెద్దమనిషికి కాలనీలో మనుషుల మీద లేకపోయింది. తిరుపతమ్మ ఇక తట్టుకోలేకపోయింది. గడప మీద కూలబడి ఆయన కాళ్లు పట్టేసుకుంది.

“ఇంకా ఇరవై ఇళ్లలో పిల్లలున్నారయ్యా. చిన్నప్పట్నించీ మీ చేలోనే మిరపకాయలు కోశా. ఏనాడూ ఏదీ అడిగింది లేదు. ఇదొక్కటి ఇప్పించండయ్యా, మీకు దండం పెడతా.”

“లే, లే. ప్యాంటు నలుగుద్ది. వచ్చాక చూద్దాం.”

“ఎప్పుడొస్తారయ్యా?”

“ఎల్లుండి.”

“ఎల్లుండికి పిల్ల ఉంటదో లేదో!”

ఆ మాటకి వీరయ్య కూడా తలెత్తాడు. చెన్నకేశవులు మాత్రం వాచీ చూసుకున్నాడు. “నాకు చానా ఆలస్యమయింది. ముందు ఈ కాగితం మీద సంతకం పెట్టు.”

వీరయ్య ఇందాక చదివిన వినతిపత్రాన్నీ, పెన్నునీ ఆమె ముందు పెట్టాడు. నాలుగేళ్ల కిందట చెన్నకేశవులే పలక కొనిచ్చి, వారం రోజులు కూర్చోబెట్టి నేర్పించిన సంతకం అది. ఎందుకని ఆమె ఇవాళా అడగలేదు. పెడితేనన్నా మనసు కరుగుతుందేమోనని ఆశ. చెంగుతో కళ్లు తుడుచుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ పెట్టింది.

వీరయ్య కాగితాన్ని బల్ల మీదికి తీసుకుని, ఇంకుప్యాడ్ మూత తెరిచాడు.

ఆమె సంతకం కింద సర్పంచ్ ముద్ర కొట్టాడు.