మెల్లగమ్మ

"మళ్ళీ ఉమ్మేశాడు సిస్టర్!"

చిన్న నర్సు పరుగున వచ్చి చెప్పేసరికి హెడ్ నర్సు చేతిలోని సిరంజి పక్కన పెట్టింది.

"ఎవరి మీద? నీ మీదేనా?"

"కాదు, మెల్లగమ్మ మీద."

కిటికీ పక్క మంచం మీద ఉన్నది ఓ పరదేశి కూలీ. కడుతున్న భవనం మీద నుంచి జారిపడ్డాడు. రెండు చేతులకూ పిండికట్లు. అతని భాష వార్డులో డాక్టర్లకీ నర్సులకీ అర్థం కాదు. దాహమేసినా అరుపే, నొప్పి పుట్టినా అరుపే.

మెల్లగమ్మ ఆ వార్డు తుడిచే మనిషి. ఆమెదీ ఈ దేశం కాదు. తడి నేల మీద ఎవరు నడిచినా "మెల్లగా, మెల్లగా" అంటూ వెంటపడేది. అసలు పేరు పలకడానికి నోరు తిరగక, వార్డంతా కలిసి ఆ పేరు ఖాయం చేసేశారు.

హెడ్ నర్సు వెళ్ళి చూసేసరికి ఆమె చెంప తుడుచుకుంటోంది. రెండో చేతిలో సూపు గిన్నె అలాగే ఉంది.

"నీకెందుకమ్మా ఈ తద్దినం? తినిపించడానికి మేం లేమా?"

"మీరు పెడితే తినడం లేదు కదమ్మా. నాకు వాళ్ళ మాట వచ్చు."

"నువ్వు నోరు విప్పితే ఉమ్మేస్తున్నాడు. ఇంక వచ్చి ఏం లాభం?"

ఆమె నవ్వి, గిన్నె పక్కన పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే గిన్నె, అదే చెంచా. తను తినే వేళలో, తన అన్నం మానుకుని వచ్చి కూర్చుంది. అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. తర్వాత చెంచా అతని నోటి దగ్గరికి పట్టుకుని, అలాగే ఉండిపోయింది.

చివరికి ఆకలే గెలిచింది. అతను నోరు తెరిచాడు.

ఆ రోజు నుంచి అదే వరస. తినిపించేది, మూతి తుడిచేది, వీపు కింద దిండు సర్దేది. మళ్ళీ వెళ్ళి బకెట్టు అందుకునేది. తన పనిలో మాత్రం వీసమెత్తు తేడా రానిచ్చేది కాదు. ఆమె తుడిచిన నేల మీద మొహం చూసుకోవచ్చని చిన్న నర్సు హాస్యమాడేది.

హెడ్ నర్సుకి అనుమానం తీరలేదు. ఓ రోజు ఆపి అడిగింది.

"అతను నీకేమైనా చుట్టమా?"

"కాదమ్మా."

"పోనీ, మీ ఊరివాడా?"

"కాదు."

"మరి అతని భాష నీకెలా వచ్చింది?"

"వాళ్ళు మా ఊళ్ళో కొన్నాళ్ళు ఉన్నారు."

"రోజూ ఆ గొణుగుడేమిటి? మంత్రమా?"

"ప్రార్థనమ్మా. యేసయ్యకు."

"అతని ఆరోగ్యం కోసమా?"

"అది తర్వాత. ముందు నా కోసం. నా చెయ్యి వణక్కూడదని."

సూపు ఒలికిపోతుందని భయం కాబోలు అనుకుంది హెడ్ నర్సు.

వారం తిరక్కుండానే గొడవ జరిగింది.

రౌండ్స్‌కి వచ్చిన హెడ్ నర్సుకి ఆ పరదేశి వెక్కి వెక్కి ఏడుస్తూ కనిపించాడు. అంత మనిషీ మంచం అదిరిపోయేలా ఏడుస్తున్నాడు. మెల్లగమ్మ అతని కట్లమీద చేతులు వేసి, తల వంచుకుని కూర్చుంది. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"ఏం చెప్పావు వాడికి? నరకమనీ పాపమనీ భయపెట్టావా?"

మెల్లగమ్మ లేచి నిలబడింది.

"నేను భయపెట్టేదేం చెప్పలేదమ్మా."

"చెప్పకుండానే ఏడుస్తాడా? ఇది ఆస్పత్రి, చర్చి కాదు! రోగిని ఏడిపిస్తే ఎవరు జవాబు చెప్పాలి?"

మెల్లగమ్మ అతని దిండు సర్దింది. అతని వైపొకసారి చూసి, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రమే హెడ్ నర్సు కాంట్రాక్టరుకి ఫోను చేసింది. మర్నాడు ఆ వార్డుకి వేరే మనిషి వచ్చింది.

కిటికీ పక్క మంచం మళ్ళీ మొండికేసింది. సూపు వద్దు, పాలు వద్దు. తలుపు వైపు చూడడం, ఏదో అడగడం. చివరికి పెద్ద డాక్టరు ఆ భాష తెలిసిన ఓ పెద్దాయన్ని ఎక్కడినుంచో పిలిపించాడు.

పెద్దాయన మంచం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. లేచి వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"ఇక్కడ తుడిచే ఆవిడ ఎక్కడమ్మా? ఒక్కసారి చూడాలంటున్నాడు."

హెడ్ నర్సు కాంట్రాక్టరుకి ఫోను కలిపింది.

"ఆవిడా? పని మానేసి వెళ్ళిపోయింది సిస్టర్. ఎక్కడికంటే నాకేం తెలుసు?"

ఫోను పెట్టేసి, హెడ్ నర్సు తగ్గిన గొంతుతో అడిగింది.

"ఇంతకీ ఆ రోజు ఏం చెప్పి ఏడిపించిందట?"

"ఆవిడ భయపెట్టేదేం చెప్పలేదమ్మా. నీది ఏ ఊరని ముందడిగింది ఇతనే. ఇతను పూర్వం సిపాయి; మొదట్లో ఆవిడ యాస విని, శత్రువుల మనిషని ఉమ్మేసేవాడట. వీళ్ళ దళం యుద్ధంలో ఆవిడ ఊరిని తగలబెట్టిందట. ఊరి పేరు వినగానే, ఆ పనిలో తనూ ఉన్నానని ఒప్పుకున్నాడు. ఇతని భుజం మీద దళం పచ్చబొట్టుంది. అది చూసి మొదటి రోజే పోల్చుకున్నానని అప్పుడు చెప్పిందట ఆవిడ."

"తెలిసే తినిపించిందా!"

హెడ్ నర్సు కిటికీ పక్క మంచం వైపు తిరిగి చూసింది. పెద్దాయన ఎవరికీ వినిపించకూడదన్నట్టు మెల్లిగా అన్నాడు.

"ఆ మంటల్లోనేనమ్మా, ఆవిడ పిల్లలిద్దరూ పోయింది."